బడి పుస్తకంలో క్యూఆర్ కోడ్.. దాని వెనకున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీకెలా పనికొస్తుంది?

చీరాల పక్కన ఈపురుపాలెంలో మీ మేనకోడలు ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదువుతోందనుకోండి. ఇంట్లో మగ్గం, అందరికీ కలిపి ఒకటే స్మార్ట్‌ఫోన్. లెక్కల పాఠం అర్థం కాలేదని హైదరాబాద్‌లో ఉన్న మీకు ఫోన్ చేసింది. యూట్యూబ్‌లో వెతుక్కోమని చెప్పేస్తాం చాలామందిమి. అంతకంటే దగ్గర దారి ఆమె పాఠ్యపుస్తకంలోనే ఉంది.

దీక్ష యాప్ తెరిచి, పాఠం దగ్గరున్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. కెమెరా సరిగా లేకపోతే కోడ్‌తో పాటు ముద్రించిన ఆరు అక్షరాలు టైప్ చేసినా చాలు. లాగిన్ లేకుండానే చూడొచ్చు. వైఫై దొరికినచోట డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఆ తర్వాత నెట్ లేకపోయినా పాఠం నడుస్తుంది. ఒక్క ఫోన్‌తో, రోజువారీ డేటా ప్యాక్‌తో నెట్టుకొచ్చే ఇంట్లో దీని విలువ తెలుస్తుంది.

కేంద్రం 2017 సెప్టెంబరు 5న ప్రారంభించిన ఈ దీక్ష ‘సన్‌బర్డ్’ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఎక్‌స్టెప్ ఫౌండేషన్ దాన్ని తయారుచేసి, ఎవరైనా వాడుకునేలా ఎంఐటీ లైసెన్సు కింద విడుదల చేసింది.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితమనేనా?

వాట్సాప్ కూడా ఉచితమే. కానీ దాని కోడ్ తీసుకుని మీ అవసరానికి మార్చుకోలేరు. ఓపెన్ సోర్స్ అంటే చీరతో పాటు డిజైన్ అట్టలు కూడా చేతికివ్వడం. ఇంకో మగ్గం మీద నేయొచ్చు, అంచు మార్చుకోవచ్చు. మొదట నేసినవారు మగ్గం ఆపేసినా డిజైన్ పోదు.

ఆ మాట ఎంత ముఖ్యమో మన రాష్ట్రంలోనే చూశాం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు వేసిన ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 జులైలో ఆ కంపెనీ మాతృసంస్థపై బెంగళూరులోని ఎన్‌సీఎల్‌టీ దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. సిలబస్ మారితే ఇలాంటి పాఠాలను ఎవరు మారుస్తారు? ఒకే కంపెనీ చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌తో వచ్చే చిక్కు ఇదే. ఈ-పాలనలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. అమలు మాత్రం శాఖను బట్టి ఉంటుంది.

అలాగని ఓపెన్ సోర్స్ పేరు వినగానే నిశ్చింతగా ఉండొద్దు. దీక్షలోని పది లక్షల మందికి పైగా టీచర్ల వివరాలు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు రక్షణ లేని సర్వర్‌లో పడి ఉన్నాయని 2023 జనవరిలో బయటపడింది. కోడ్ ఎంత తెరిచి ఉన్నా సర్వర్‌కు తాళం వేయాల్సింది మనుషులే. అందుకే అవసరం లేనిచోట పిల్లల పేరు, ఫోన్ నంబరు ఇవ్వకండి.

ఆఫీసు పనికి, ట్యూషన్‌కు?

తరగతులు, పరీక్షలు నడపడానికి మూడుల్, ఆన్‌లైన్ క్లాసుకు బిగ్‌బ్లూబటన్, ఫైళ్లు పంచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్ ఉన్నాయి. అయితే వీటికి సర్వర్, చూసుకునే మనిషి కావాలి. కాలేజీకో చిన్న కంపెనీకో సరిపోతాయి. ఇంటికి అంత హంగామా అక్కర్లేదు.

మేనకోడలికి మీరే పాఠం చెప్పాలనుకుంటే జిట్సీ మీట్ చాలు. మీటింగ్ మొదలుపెట్టే మీరు గూగుల్ లాంటి ఖాతాతో లాగిన్ కావాలి (2023 ఆగస్టు నుంచి ఇది తప్పనిసరి). ఆమెకు ఏ ఖాతా అక్కర్లేదు. లింకు వాట్సాప్‌లో పంపితే నొక్కి వచ్చేస్తుంది. ఇద్దరూ వీడియో ఆపేసి, మీరు లెక్క చేస్తున్న స్క్రీన్ మాత్రమే చూపిస్తే ఆమె డేటా మిగులుతుంది.