పల్లమెరిగిన నీరు: పీటర్‌హోఫ్ వేసవి భవనము

‘నీరు పల్లమెరుగును’ అన్న సామెత మన బడిపిల్లలకు సైతము తెలిసినదే. ఈ చిన్న సత్యమును నమ్ముకొని ఒక చక్రవర్తి సముద్రతీరమున వేసవి విడిదిని, దాని చుట్టును ఉద్యానవనములను నిర్మింపజేసినాడు. రెండు శతాబ్దములకు పైగా వెలుగొందిన ఆ భవనము యుద్ధాగ్నిలో కాలి మొండిగోడలై మిగిలినది. మరల లేచి నిలిచినది. దాని పేరు పీటర్‌హోఫ్. రష్యాదేశమున సెంట్ పీటర్స్‌బర్గు నగరమునకు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, ఫిన్లండు సింధుశాఖ ఒడ్డున ఉన్నది.

1703లో ఆ నగరమునకు శంకుస్థాపన చేసిన మహాపీటరు చక్రవర్తి, 1714లో ఇచ్చట నిర్మాణము నారంభించినాడు. ఆయనకు మిక్కిలి ప్రియమైనది పెద్ద భవనము కాదు. నీటి అంచున ఇటుకలతో కట్టించుకొన్న ‘మోంప్లెజీర్’ అను ఒంటి అంతస్తు ఇల్లు. దాని కిటికీలలోనుండి సముద్రము కనిపించును. నావలన్న ప్రాణము పెట్టు ఆ రాజునకు అంతకన్న ఏమి కావలెను?

అయితే 1717లో ఆయన ఫ్రాన్సుదేశమునకు వెళ్లి వెర్సేల్స్ ఉద్యానములను చూచినాడు. అచ్చటి సొగసు ఆయన మనస్సును దోచినది. కాని వెర్సేల్స్‌కు ఒక తీరని కొరత ఉండెడిది. అది నీరు. సేన్ నదినుండి పద్నాలుగు పెద్ద చక్రముల యంత్రముతో నీరు పైకి తోడించినను, జలయంత్రములన్నియు ఒక్కమారుగా చాలినంతసేపు ఆడింపలేకపోయినారు.

పీటర్‌హోఫ్‌లో ఆ చిక్కు తీరినది. 1720లో తీరమునకు దక్షిణమున ఉన్న రోప్షా మెట్టప్రాంతమున ఊటలు కనుగొన్నారు. వసీలీ తువోల్కొవ్ అను నిర్మాణకుశలుని ఆధ్వర్యమున, అచ్చటినుండి 20 కిలోమీటర్లకు పైబడిన కాలువను సైనికులును, రైతులును త్రవ్వినారు. ఆ నీరు చెరువులలో నిలిచి, గొట్టములద్వారా దిగివచ్చి, జలయంత్రముల నోళ్లనుండి ఎగయును. తోడు యంత్రము ఒక్కటియు లేదు. గొట్టములో దిగిన నీరు తాను బయలుదేరిన మట్టమునకు మరల లేవజూచును. రాపిడివలన కొంత తగ్గును. ఉపాధ్యాయులు తరగతిలో గాజుగొట్టములతో చూపించు పాఠమే ఇచ్చట ఒక మహావనమై నిలిచినది. 1723 ఆగస్టులో జలయంత్రములు ఆడినవి.

ఉద్యానముల పొందిక కొలతబద్దతో గీచినట్లుండును. సుమారు 16 మీటర్ల ఎత్తుగల సహజమైన గట్టుమీద భవనము; దాని వెనుక ఎగువతోట; ముందు సముద్రమువరకు దిగువతోట. భవనము పాదమునుండి మెట్లుమెట్లుగా జలపాతము దిగి, తిన్నని కాలువగా మారి సముద్రమున కలియును. పీటరు కుమార్తె ఎలిజబెత్తు మహారాణి కాలమున, 1745 మొదలు 1755 వరకు, రాస్ట్రెల్లి అను శిల్పాచార్యుడు భవనమును నేటి విస్తారమునకు పెంచినాడు. జలపాతము ముందు సమ్సోను సింహము నోరు చీల్చుచున్నట్లు బంగారుపూత విగ్రహము. ఆ సింహము నోటినుండి నీరు 20 మీటర్ల ఎత్తున కెగయును. పోల్తవా యుద్ధమున 1709లో స్వీడనుపై రష్యా సాధించిన విజయమునకు అది గుర్తు. బాటసారులపై హఠాత్తుగా నీళ్లు చల్లు కొంటె జలయంత్రములును ఉన్నవి. వానిచెంత పెద్దలును పిల్లలగుదురు.

విప్లవానంతరము 1918లో ఈ రాజగృహము ప్రజల ప్రదర్శనశాల అయినది. 1941 సెప్టెంబరులో జర్మను సేనలు దీనిని ఆక్రమించినవి. అంతకుముందే ప్రదర్శనశాల ఉద్యోగులు తరలింపగలిగినన్ని వస్తువులను తరలించి, కొన్ని విగ్రహములను తోటలోనే భూమిలో పాతిపెట్టినారు. 1944 జనవరిలో శత్రువులు తొలగిపోవునప్పటికి భవనము కాలిపోయినది. చెట్లు వేలకొలదిగా నేలకూలినవి. సమ్సోను విగ్రహము మాయమైనది. నాడు లెనిన్‌గ్రాడ్ అని పిలువబడిన ప్రక్కనగరములో దిగ్బంధమువలన లక్షలమంది ఆకలితో మరణించినారు.

అట్టి సమయమున రాజుల విలాసమునకై పుట్టిన తోటను మరల నిలుపుట న్యాయమా? తిండికి, గూటికి ముందు నీటి ఆటలా? ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. అయినను ఆ జనులు తమ పనితో సమాధానము చెప్పినారు. 1945 జూనులోనే దిగువతోట తలుపులు తెరచినారు. 1946 ఆగస్టులో కొన్ని జలయంత్రములు మరల ఆడినవి. పాత ఛాయాచిత్రముల ఆధారముతో వసీలీ సిమొనొవ్ అను శిల్పి సమ్సోనును తిరిగి రూపొందింపగా, 1947 సెప్టెంబరులో సింహము నోట మరల నీరు చిమ్మినది. భవనములోని మొదటి గదులు 1964లో తెరువబడినవి. 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో పీటర్‌హోఫ్ చేరినది.

ఇది నకలే కదా అని ఎవరైనను అనవచ్చును. పూత క్రొత్తదే, విగ్రహము క్రొత్తదే. కాని గట్టు కాలలేదు, వాలు చెడలేదు. పేరు మిగుల్చుకొనని ఆ సైనికులు, రైతులు త్రవ్విన దారిననుసరించియే నీరు నేటికిని దిగివచ్చుచున్నది. ఒకనాడు వారు ఏ వనమునకై చెమటోడ్చి అందులో విహరింప నోచుకొనలేదో, ఆ వనమున నేడు సామాన్యులు తమ బిడ్డల చేయి పట్టుకొని తిరుగుచున్నారు. శిథిలములనడుమ ఆకలిగొన్న జనులు దానిని మరల నిలిపినది రాజులకొరకు కాదు, వీరికొరకే.