బాణాలు లేని గాండీవం

మౌసలపర్వం చదివినవారు ఈ ఘట్టం ఎరుగుదురు. ద్వారక స్త్రీలను వెంటబెట్టుకొని వస్తున్న అర్జునుణ్ణి దారిలో దొంగలు అటకాయిస్తారు. చేతిలో గాండీవం ఉన్నది; అమ్ములపొది మాత్రం ఖాళీ. మన కాలంలో ఈ అవస్థ ఆర్మీనియా అనే చిన్న దేశానికి పట్టింది.

1991లో సోవియట్ యూనియన్ చీలినప్పుడు స్వతంత్రమైన దేశమిది. జనాభా సుమారు 30 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాయే 51 లక్షలు దాటింది! సముద్రం లేదు. పడమట టర్కీతోనూ, తూర్పున అజర్‌బైజాన్‌తోనూ పడదు. పాత సుఖోయ్-25లు, కొన్ని హెలికాప్టర్లు - విమానబలం అంటే చాలాకాలం దాదాపు ఇంతే. ఆకాశానికి కాపలా రాజధాని యెరెవాన్‌లోని ఎరెబునీలో మకాం వేసిన రష్యన్ మిగ్-29లది. పక్కింటివాడి కుక్కను నమ్ముకొని తలుపు తీసి పడుకోవడం వంటిదే గదా!

2019 చివర నాలుగు కొత్త సుఖోయ్-30లు వచ్చాయి. మన వైమానిక దళంలో ఉన్నవీ ఆ జాతివే. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 27న నాగోర్నో-కరబాఖ్ కోసం అజర్‌బైజాన్‌తో యుద్ధం వచ్చింది. 44 రోజులు సాగింది. ఆ నాలుగూ పోరులోకి దిగనేలేదు. వాటికి క్షిపణులు సమకూడలేదని ప్రధాని పషిన్యాన్ 2021 మార్చిలో స్వయంగా ఒప్పుకున్నాడు.

అజర్‌బైజాన్ ఎత్తుగడ చూడండి. పొలాలకు మందు చల్లే పాతకాలపు ఆంతొనోవ్-2 విమానాలను ఎరగా పంపింది. వాటిని కాల్చబోయి ఆర్మీనియా క్షిపణులు తమ చోటు తామే చెప్పుకున్నాయి. ఆపైన టర్కీ డ్రోన్లు వచ్చి వాటి పని పట్టాయి. మన కోనసీమ చేలమీద మందు కొట్టే డ్రోను ఎగిరితే పిల్లలు కేరింతలు కొడతారు. అక్కడి తల్లులు పిల్లలతో నేలమాళిగల్లో తలదాచుకున్నారు. 2023 సెప్టెంబరులో కరబాఖ్ పూర్తిగా చేజారింది. లక్షమందికి పైగా ఇళ్లూ వాకిళ్లూ వదిలి తరలిపోయారు.

విమానాలు కొనగానే సరికాదనీ, ముందు నెత్తిన గొడుగు కావాలనీ తెలిసివచ్చింది. ఆ గొడుగు దొరికింది మన హైదరాబాదులో. దాని పేరు 'ఆకాశ్'. 1983లో మొదలైన క్షిపణుల పథకంలో, అబ్దుల్ కలాం సారథ్యాన, అక్కడి డి.ఆర్.డి.ఎల్. ప్రయోగశాల రూపొందించింది, భారత్ డైనమిక్స్ తయారుచేస్తున్నది. బరువు 720 కిలోలు, పొడవు ఆరు మీటర్లకు కాస్త తక్కువ. విమానానికి రన్‌వే కావాలి, ఏళ్లతరబడి తర్ఫీదు పొందిన పైలట్ కావాలి. ఇది బండిమీద ఉంటుంది; చోటు మార్చుకుంటూ పోవచ్చు. సుమారు 25 కిలోమీటర్ల దూరం దీని అదుపులో ఉంటుంది. అంటే, ఐనవిల్లి వినాయకుడి గుడి దగ్గర నిలబెడితే ఇటు అమలాపురం, అటు కొత్తపేట, గోదావరి ఆవల ద్రాక్షారామం కూడా ఈ గొడుగు నీడలోకి వస్తాయన్నమాట.

దీన్ని విదేశాలకు అమ్మడానికి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 30న అనుమతించింది. మొదటి కొనుగోలుదారు ఆర్మీనియాయేననీ, 2024 నవంబరులో తొలి విడత చేరిందనీ పత్రికలు రాశాయి.

ఆర్మీనియన్లు మనకు కొత్తవారేమీ కారు. వారి భాషలో ప్రపంచంలోకెల్లా మొట్టమొదటి పత్రిక 'అజ్దారార్' 1794లో అచ్చయింది మన మద్రాసులోనే. వారి వర్తకుల పేర పిలిచే వీధి అక్కడ నేటికీ ఉన్నది.

2025 ఆగస్టులో ఆర్మీనియా, అజర్‌బైజాన్ విదేశాంగ మంత్రులు వాషింగ్టన్‌లో కూర్చుని శాంతి ఒప్పందం ప్రతిమీద పొడి సంతకాలు చేశారు.