ముడతల చాటున ముప్పు

బుల్‌డాగ్ ముఖానికి పసుపు, కొబ్బరినూనె, డెట్టాల్... వంటింట్లో, బాత్రూంలో దొరికినదల్లా పూస్తున్నారు యజమానులు. ఆ మడతలకు అన్నిటికన్నా ముందు కావలసింది తడి లేకపోవడం

ముందు వాసన వస్తుంది. బాగా పులిసిన పిండి వాసనలాంటిది, ఒక్కోసారి అంతకన్నా ఘాటుగా. సోఫా కవర్లు ఉతుకుతారు. కుక్కకు స్నానం చేయిస్తారు. రెండు రోజులు తిరక్కుండానే మళ్లీ అదే కంపు. చివరికి ఇంట్లో ఎవరో ఒకరు బుల్‌డాగ్ ముక్కు మీద లావుగా వాలి ఉన్న మడతను వేలితో పైకెత్తి చూస్తారు. లోపల ఎర్రగా ఒరుసుకుపోయిన చర్మం, గోధుమరంగు జిగురు, ఊడిన వెంట్రుకలు. ఇంటివైద్యం అక్కడ మొదలవుతుంది.

మన దేశంలో ముడతల ముఖాలకు గిరాకీ పెంచిన ఘనత చాలావరకు 2003 నాటి హచ్ ప్రకటనదే. పిల్లవాడి వెంట అడుగులో అడుగేసిన ఆ పగ్ మధ్యతరగతి మనసు దోచింది. దానికి అన్నలాంటి బుల్‌డాగ్ కాస్త డబ్బున్నవారి అపార్ట్‌మెంట్లకు చేరింది. చల్లని బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న ఆ శరీరాన్ని తెచ్చి విశాఖ, చెన్నై, ముంబై ఉక్కపోతలో కూర్చోబెట్టాం. ఇక హైదరాబాద్ ఇళ్లలో కుక్కకు చల్లగా ఉంటుందని పెట్టే ఎయిర్ కూలర్ గదిలో తేమను ఇంకా పెంచుతుంది.

సొంతగడ్డ మీద కూడా ఈ జాతి సుఖంగా ఏమీ లేదు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు బ్రిటన్‌లోని 2,662 ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లను 22 వేలకు పైగా ఇతర కుక్కలతో పోల్చి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. చర్మపు మడతల్లో పుండ్లు, వాపు వచ్చే అవకాశం మిగతా కుక్కల కంటే బుల్‌డాగ్‌లకు 38 రెట్లు ఎక్కువని అందులో తేలింది.

ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొలిపే క్రీడ కోసం ఈ జాతిని పెంచారు. ఎద్దు రక్తం కళ్లలో పడకుండా పక్కకు జారిపోవడానికే ఆ ముడతలని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. 1835లో బ్రిటన్ చట్టం ఆ క్రీడను నిషేధించింది. పని పోయినా కుక్క మిగిలింది. ఆ తర్వాత కుక్కల ప్రదర్శనల్లో ముక్కు ఎంత పొట్టిదైతే, ముడత ఎంత లోతైతే అంత అందమన్న అభిరుచి పెరిగింది. బీబీసీ 2008లో ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ దుమారం రేపాక గానీ అక్కడి కెన్నెల్ క్లబ్ బుల్‌డాగ్ ప్రమాణాలను సవరించలేదు.

మడత లోపల జరిగేది చాలా మామూలు వ్యవహారం. చర్మం చర్మాన్ని రాసుకుంటుంది. కన్నీరు, చొంగ, తాగిన నీళ్లు, తిండి మెతుకులు అక్కడ చేరతాయి. గాలి ఆడదు. కుక్క చర్మం మీద ఎప్పుడూ ఉండే మలసీజియా అనే ఈస్ట్‌కు, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. అవి బయటినుంచి దాడి చేయవు, చెమ్మ చూసుకుని పెరుగుతాయి. అందుకే ఏ చిట్కానైనా ఒక్క ప్రశ్నతో తూచవచ్చు: ఇది చెమ్మను తగ్గిస్తుందా, పెంచుతుందా?

ఈ తూకంలో పసుపు తేలిపోతుంది. ప్రయోగశాలలో దానికి సూక్ష్మజీవులను అణిచే గుణం ఉన్నమాట నిజమే. కానీ మడతలో కూరిన ముద్ద తేమను పట్టుకుని అక్కడే కూర్చుంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు, దాని రంగు. ఎరుపు తగ్గిందో పెరిగిందో, చీము ఉందో లేదో యజమానికే కనిపించదు. కొబ్బరినూనె సంగతీ అంతే. మలసీజియా కొవ్వును తిని బతికే జీవి. ఎండిన ముక్కు పైభాగానికి చుక్క నూనె రాస్తే నష్టం లేదు, మూసుకుపోయిన మడతలో మాత్రం వద్దు. వేపాకు కాచిన నీళ్లతో తుడిచి వెంటనే ఆరబెడితే పెద్ద ప్రమాదం ఉండదు. చాలామంది తుడవడంతో ఆగిపోతారు.

టాల్కం పౌడర్ చూడ్డానికి పొడిగానే ఉంటుంది. తడి తగిలితే ఉండ కట్టి, కదిలినప్పుడల్లా చర్మాన్ని ఒరుస్తుంది. వెనిగర్ నీళ్లు పచ్చి పుండు మీద భగ్గుమంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి సంతోషించడమే గానీ, అది మానుతున్న కణాలనూ దెబ్బతీస్తుంది. డెట్టాల్, టీ ట్రీ నూనె మరీ ప్రమాదం. ముక్కు మీద ఏది రాసినా కుక్క నాకుతుంది, ఇవి కడుపులోకి పోతే విషం. పిల్లల డైపర్ ఒరుపుకు వాడే జింక్ క్రీములకూ ఇదే అభ్యంతరం.

అసలు భయపడాల్సింది మందుల షాపులో అడగ్గానే ఇచ్చే దురద క్రీములకు. స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపిన ట్యూబులివి. మనుషుల విషయంలోనే వీటి దుర్వినియోగం ఎంతగా ముదిరిందంటే, 2018లో కేంద్రం అనేక స్టిరాయిడ్ క్రీములకు డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. కుక్కకు రాస్తే రెండు రోజుల్లో ఎరుపు మాయమవుతుంది. ఇన్ఫెక్షన్ మాత్రం అడుగున పెరుగుతూనే ఉంటుంది, చర్మం పలచబడుతుంది.

మరి ఇంట్లో చేయదగినది? అర లీటరు నీళ్లు కాచి చల్లార్చి, అందులో తలకొట్టిన టీ చెంచా కన్నా కాస్త తక్కువ ఉప్పు కలిపితే సరిపోతుంది. మెత్తని నూలు గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండాలి. మడత తెరిచి లోపలినుంచి బయటికి తుడవాలి, రుద్దకూడదు. తర్వాత పొడి గుడ్డను అద్ది కొన్ని క్షణాలు మడతను తెరిచే ఉంచాలి. ఈ రెండో గుడ్డే అసలు మందు. ఉక్కపోత రోజుల్లో ఇది రోజువారీ పని, వర్షంలో తడిసినా స్నానం చేయించినా మళ్లీ చేయాలి. పశువైద్యులు సూచించే క్లోర్‌హెక్సిడిన్ వైప్స్ బాగానే పనిచేస్తాయి గానీ కంటికి దూరంగా ఉంచాలి. అందరూ మరిచిపోయే చోటు ఇంకొకటుంది: మెలితిరిగిన తోక కింది గుంట. ముఖం తళతళలాడుతున్న బుల్‌డాగ్ నేల మీద పిర్రలు ఈడుస్తుంటే చూడాల్సింది అక్కడే.

చీము, రక్తం, చేయి తగిలితే కేకపెట్టే నొప్పి ఉంటే ఇంటివైద్యం ఆపేయాలి. కన్ను సగం మూసుకుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ముక్కు మడత మీది వెంట్రుకలు కంటిపాపకు రాసుకుని పుండు పడితే చూపు పోవచ్చు. మడత మీద టేపు అంటించి తీసి, సూక్ష్మదర్శిని కింద చూస్తే అది ఈస్టో, బ్యాక్టీరియానో తెలుస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, చెన్నై వేపేరిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, ఇది వాళ్లకు కొత్త జబ్బేమీ కాదు. తగ్గి తగ్గి మళ్లీ వస్తుంటే వెనక అలర్జీ ఉండే అవకాశం ఎక్కువ. ఎంతకీ తగ్గని కుక్కలకు మడతను కోసి తీసేసే శస్త్రచికిత్స ఉంది. ముడత కోసం డబ్బు పోసి కొని, దాన్ని తీయించడానికి మళ్లీ డబ్బు పోయడమన్నమాట.

2024 మార్చిలో కేంద్రం 23 'క్రూర' జాతుల కుక్కలపై నిషేధం విధించమని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. అందులో అమెరికన్ బుల్‌డాగ్ ఉంది, ముడతల ఇంగ్లిష్ బుల్‌డాగ్ లేదు. ఆ సర్క్యులర్‌ను కర్ణాటక హైకోర్టు మరుసటి నెలలోనే కొట్టేసింది. మనుషులను కరిచే కుక్కల గురించి ఇంత హడావుడి చేసే ప్రభుత్వాలకు, పుట్టుకతోనే తన చర్మం తనకే శత్రువైన కుక్క గురించి పట్టదు. నార్వేలో కనీసం వాదన జరిగింది. బుల్‌డాగ్‌ల పెంపకం జంతుసంక్షేమ చట్టానికి విరుద్ధమని ఓస్లో జిల్లా కోర్టు 2022 జనవరిలో తీర్పు చెప్పింది, అదే ఏడాది అప్పీలు కోర్టు దాన్ని సడలించింది.

మన దగ్గర 2017 నాటి నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. ముందుగా ఆ కాగితం అడగండి. తర్వాత తల్లి కుక్కను చూపించమనండి. చూపిస్తే దాని ముక్కు మీది మడత ఎత్తి వాసన చూడండి.