డ్రమ్ము నిండినను పొయ్యి మండదేల?

గోబర్ గ్యాసును గూర్చి మన పల్లెలలో నొక మాట వాడుకయైనది: "పెట్టించితిమి గాని పనిచేయలేదు." దొడ్డిలో తుప్పుపట్టిన డ్రమ్ము, పిచ్చిమొక్కలు మొలచిన గొయ్యి, వంటయింటిలో మరల కట్టెల పొగ. ఈ దృశ్యమును మేము పెక్కు గ్రామములందు జూచియున్నాము. కారణమడిగినచో "మంట చాలుట లేదండీ" యని కొందరును, "డ్రమ్ము పైకి లేచును గాని అగ్గిపుల్ల గీచిన నంటుకొనదు" అని మరికొందరును జెప్పుదురు. ఈ రెండు ఫిర్యాదులు ఒకటి కావు. మొదటిది ఒత్తిడి లోపము. రెండవది వాయువు గుణలోపము. వైద్యుడు చలిజ్వరమునకును అజీర్ణమునకును ఒకే మాత్ర నీయడు గదా! రెంటిని గలిపి "ప్లాంటు చెడిపోయినది" యని తేల్చివేయుటచేతనే, పూటపనితో సవరింపదగిన లోపమునకు వేల రూపాయల పెట్టుబడి దొడ్డిపాలగుచున్నదని మా యభిప్రాయము.

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. తేలెడు డ్రమ్ముగల నమూనాను జశ్‌భాయి పటేలుగారు 1951లో రూపొందించి 'గ్రామలక్ష్మి' యని పేరిడిరి. తరువాతి దశాబ్దమున ఖాదీ గ్రామోద్యోగ కమిషను దానిని చేపట్టినది. 1981-82లో కేంద్రప్రభుత్వము జాతీయ పథకమును ప్రారంభించినది. 1984లో ఇటుకలతో భూమిలో గట్టెడు 'దీనబంధు' డోము వచ్చినది. పేర్లు పెట్టుటలో మనకెన్నడును కొరతలేదు.

ముందుగా ఒత్తిడి సంగతి. సిలిండరుతో నడచు వంటపొయ్యికి రెగ్యులేటరు విడుచు ఒత్తిడి సుమారు 30 సెంటీమీటర్ల నీటి యెత్తునకు సమానము. తేలెడు డ్రమ్ము ఇచ్చునది ఇంచుమించు 10 సెంటీమీటర్లు మాత్రమే; అనగా బెత్తెడు నీటికి కొంచె మెక్కువ. ఇంత స్వల్పమైన ఒత్తిడి గనుకనే దారిలో కలుగు ప్రతి యడ్డంకియు మంటపై బడును. డ్రమ్ము పశువులపాకవద్ద, వంటయిల్లు పెరడు దాటి యావల. నడుమ చౌకగా దొరకినదని తెచ్చిన సన్నని గొట్టము. సగము ఒత్తిడి ఆ గొట్టమే మ్రింగివేయును. బెజ్జమునుండి వెలువడు వాయువు ఒత్తిడి యొక్క వర్గమూలమును బట్టి మారును గనుక, ఒత్తిడి నాల్గవవంతునకు దిగినప్పుడు మంట సగమగును. అన్నము ఉడుకుటకు పట్టుకాలము మాత్రము రెట్టింపుకంటె నెక్కువ కావచ్చును. ఏలయన గిన్నెనుండి గాలిలో గలియు వేడిమి సగమునకు తగ్గదు.

గొట్టమునందలి నీరు మరియొక శత్రువు. పేడనుండి పుట్టు వాయువు తేమతో నిండియుండును. చల్లని రాత్రులలో ఆ తేమ నీరై గొట్టము వంగినచోట నిలుచును. కృష్ణా డెల్టాలో మేమొక యింటికి బోయినప్పుడు మంట గుప్పుగుప్పున నెగురుచు ఆరుచు నుండెను. యజమాని అంతకుముందే రెండు పొయ్యిలు మార్చియుండెను. పందిరిక్రింద గొట్టము జారి వ్రేలాడుచుండుట జూచి, డ్రమ్ముకడ కవాటము మూయించి, గొట్టము నూడదీయించితిమి. గ్లాసెడు మురికినీరు వచ్చినది. ఆ పూటనుండి మంట నిలుకడగా వెలిగినది. గొట్టమును నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా వేసి, పల్లపుచివర నీరు విడుచుటకు చిన్న కొళాయి యమర్చినచో ఈ పీడ యుండదు. ఆ కొళాయి ఖరీదు రెండవ పొయ్యి ఖరీదులో ఎన్నవవంతో మేము చెప్పనక్కరలేదు.

ఒత్తిడి కొలుచుటకు ఇంజనీరు రానక్కరలేదు. మూరెడున్నర పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టమును పలకపై 'యు' ఆకారముగా బిగించి సగమువరకు నీరు పోసి, ఒక కొనను పొయ్యివద్ద గ్యాసుగొట్టమునకు తగిలించి కవాటము విప్పవలెను. రెండువైపుల నీటిమట్టముల భేదమే సెంటీమీటర్లలో ఒత్తిడి. డ్రమ్మువద్ద 10 చూపి పొయ్యివద్ద 4 చూపినచో దోషము గొట్టమునది. డ్రమ్మువద్దనే తక్కువైనచో డ్రమ్మునకు చిల్లి పడినదేమో సబ్బునురుగుతో వెదకవలెను. అగ్గిపుల్లతో వెదకువారు ఇంకను గలరని వినుచున్నాము. ఆ సాహసమును మేము మెచ్చజాలము. డ్రమ్ముపై రాళ్లు పెట్టుట కొందరి యాచారము. అందు శాస్త్రము లేకపోలేదు: చదరపు మీటరు వైశాల్యమునకు 10 కిలోల బరువు ఒక సెంటీమీటరు ఒత్తిడిని పెంచును. కాని బరువు ఒకవైపు పడినచో డ్రమ్ము ఒరగును. మితిమీరినచో వాయువు అంచుక్రిందుగా తప్పించుకొని పోవును. డోము రకమునందు ఒత్తిడి వాడుకనుబట్టి మారుచుండును గావున, ఉదయము ఉరుకు మంట వంట ముగియునప్పటికి నీరసించుట దాని స్వభావమే గాని రోగము కాదు.

ఇక గుణము మాట. మంచి వాయువులో మీథేను నూటికి 55 మొదలు 60 పాళ్లుండును. మిగిలినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. ఈ రెండవది డ్రమ్మును లేపును గాని మండదు. క్రొత్తగా నింపిన ప్లాంటునందు మొదట పుట్టునది ఎక్కువగా ఇదియే; దానిని బయలు ప్రదేశమున విడిచివేయవలెను. పాతదానిలో ఇట్లైనచో గొయ్యి పులిసినదని యర్థము. పశువులపాకను ఫినాయిలుతో కడిగి ఆ నీటిని గోతిలోనికి విడుచుట, పశువులకు సూదిమందులిచ్చిన దినములలో వాటి పేడనే వేయుట, పండుగనాటి యెంగిలి విస్తళ్లను, పుల్లని మజ్జిగను ఒక్కమారుగా కుమ్మరించుట దీనికి హేతువులు. పేడను మ్రింగి వాయువునిచ్చు సూక్ష్మజీవులు మన పశువులవలెనే మితాహారముతో బ్రదుకును. కొన్నిదినములు మేత ఆపి, పిమ్మట కొంచెము కొంచెముగా సమపాళ్ల పేడయు నీరును వేసినచో తిరిగి కోలుకొనును. చలికాలమున ఆదిలాబాదువంటి చోట్ల వాయువు తగ్గుట సహజము; ఈ జీవులకు 35 డిగ్రీల వెచ్చదనము హితము.

కుళ్లిన గ్రుడ్ల కంపుకొట్టు హైడ్రొజన్ సల్ఫైడు అను మరియొక వాయువు కొద్దిగా కలసియుండును. డ్రమ్మును, పొయ్యి యిత్తడి కవాటములను కొరికివేయునది ఇదియే. ఇనుపరజను నింపిన చిన్న డబ్బాగుండ వాయువును పోనిచ్చిన చాలవరకు తొలగును.

సిలిండరుపొయ్యినే దీనికి తగిలించి మంట లేదని వాపోవుట మరియొక పొరపాటు. దాని బెజ్జము చిన్నది. ఈ వాయువు బలహీనము. దీనికి భారతీయ ప్రమాణము 8749 ప్రకారము చేసిన పొయ్యి వేరుగా గలదు. బెజ్జము పెంచిన పొయ్యిని మరల సిలిండరునకు తగిలించుట ప్రమాదకరము.

ఇంత శ్రమకు ఫలమేమి? రోజుకు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువులది, 2 ఘనమీటర్ల వాయువునిచ్చును. రెండు పొయ్యిల సామర్థ్యమందలి భేదమును గూడ తీసివేసి మేము లెక్కించగా, ఇది నెలకు సుమారు ఒకటిన్నర సిలిండరునకు సమానముగా దేలినది. పేడలోని ఎరువు పొలమునకే దక్కును. మన దేశము వాడు వంటగ్యాసులో సగమునకు పైగా విదేశములనుండి ఓడలలో వచ్చుచున్నదను విషయమును ఇచట స్మరించుట యప్రస్తుతము గాదు. ట్రాక్టరు వచ్చి పశువులు పోయిన యింట ఏ ప్లాంటును నడువదు, అట్టివారి నిందింపబోము. పశువులుండియు కట్టెలపొగలో కన్నులు చెడగొట్టుకొను స్త్రీలున్న యిండ్ల విషయమై మా యాందోళన.

డ్రమ్ము దింపి ఛాయాచిత్రము తీయుటతో సహాయధనము ముగియుచున్నది. అందొక భాగమును నిలిపియుంచి, ఏడాది తరువాత పొయ్యివద్ద నీటిగొట్టముతో ఒత్తిడి కొలిచి, మంట జూచి, అప్పుడు చెల్లించునట్లు నిబంధన చేయవలెనని మేము కోరుచున్నాము. ఆ కొలత దెలిసిన మేస్త్రి మండలమునకు ఒక్కడైన నుండవలెను.