ప్రానా, ష్రింపా?

మైపాడులో రొయ్యల గుంట గట్టు మీద మేనల్లుడు అడిగాడు: "మామా, హోటల్ మెనూలో ప్రాన్ అని ఉంది, ఎగుమతి పెట్టె మీద ష్రింప్ అని ఉంది. ఏది రైటు?"

రెండూ రైటే. మనమూ బ్రిటన్ వాళ్లూ ప్రాన్ అనేదాన్నే అమెరికా వాళ్లు ష్రింప్ అంటారు. మన సరుకుకు పెద్ద బేరగాడు అమెరికా, అందుకే పెట్టె మీద వాళ్ల మాట. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాడుకలో మాత్రం ఉప్పునీటిది ష్రింప్, మంచినీటిది ప్రాన్.

జంతుశాస్త్రం దీన్ని తిరగేసింది. వనామీ రొయ్యను చేతిలోకి తీసుకుని చూపించాను. పొట్ట మీది పెంకులు ఇంటి పెంకుల్లా వరసగా ఒకదాని మీద ఒకటి కప్పి ఉంటాయి. గుడ్లు నీళ్లలోకి వదిలేస్తుంది. శాస్త్రం లెక్కన ఇది ప్రాన్. మంచినీటి నీలకంఠ రొయ్యకు రెండో పెంకు అటు మొదటిదాన్నీ, ఇటు మూడోదాన్నీ కప్పుతుంది. గుడ్లను పొట్ట కిందే మోస్తుంది. అది ష్రింప్ తెగ.

"మరి మనం?"

"మనకు రెండూ రొయ్యలే అబ్బయా. కొనేవాడు అడిగేది కౌంటు. కిలోకి 30 తూగితే 30 కౌంటు."