రబ్బరు పాలు - మన రక్తము

జిల్లేడు ఆకును త్రుంచినపుడు కారే తెల్లని పాలు మనమందరము ఎరిగినవే. మర్రికొమ్మకు గాటు పడినా అట్టి పాలే కారుతాయి. గాయమును మూసివేయుటకు, పురుగులను, బూజును ఎదుర్కొనుటకు చెట్టు ఏర్పరచుకొన్న రక్షణ అది. బ్రెజిల్ అడవులలో పుట్టి, 1876లో హెన్రీ విక్‌హామ్ సేకరించిన విత్తనముల ద్వారా లండనులోని క్యూ ఉద్యానవనమునకు, అక్కడి నుండి ఆసియా ఖండమునకు చేరిన రబ్బరు చెట్టు సంగతి కూడ ఇంతే.

ఆ చెట్టు పాలలో సుమారు మూడవ వంతు రబ్బరు. మిగిలినదానిలో అత్యధిక భాగము నీరు. మాంసకృత్తులు నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. మేము చెప్పదలచినది ఈ ఒకటి రెండు పాళ్ళను గురించియే. వాటిలో హెవీన్ అనునది ముఖ్యమైనది. బూజు కణముల గోడలలో ఉండే కైటిన్ అనే పదార్థమును అది పట్టుకొంటుంది. గాటు పడినచోట రబ్బరు రేణువులను ఒకదానితో ఒకటి అతికించి పాలు గడ్డకట్టుటకు తోడ్పడుతుంది. చెట్టుకు ఇంత మేలు చేసే ఈ పదార్థమునే కొందరి శరీరము శత్రువుగా భావిస్తున్నది.

మొదట తగిలినపుడు ఏమియు కనబడదు. పలుమార్లు తగిలిన పిమ్మట కొందరి రక్తములో ఆ మాంసకృత్తును గుర్తుపట్టే ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షకములు తయారై, మాస్ట్ కణములపై కాచుకొని ఉంటాయి. మరల అదే మాంసకృత్తు ప్రవేశించగానే ఆ కణములు హిస్టమిన్ మొదలగు పదార్థములను ఒక్కసారిగా విడుస్తాయి. నిమిషములలో దద్దురులు, తుమ్ములు, ఆయాసము. అరుదుగా రక్తపోటు పడిపోయి ప్రాణాపాయము. చేతితొడుగు ధరించిన మరునాడో, ఆ తరువాతనో వచ్చే దురద, పొక్కులు వేరు. అవి చాలవరకు రబ్బరు తయారీలో కలిపే రసాయనముల వలన కలుగుతాయి. ఈ రెండింటిని ఒకటిగా తలచుట చదువుకొన్నవారిలో కూడ కద్దు.

ఇందులో ఒక వింత ఉన్నది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, 1889-90 ప్రాంతమున, క్రిమినాశక ద్రావణము వలన కెరొలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు పాడగుచుండగా, వాటిని కాపాడుటకై డాక్టర్ హాల్‌స్టెడ్ రబ్బరు తొడుగులు చేయించారు. (ఆమె తరువాత ఆయన అర్ధాంగి అయినది.) చర్మరక్షణకై వచ్చిన వస్తువే కొందరి చర్మమునకు బాధాకరమైనది. 1980 దశకములో ఎయిడ్స్ భయము వలన తొడుగుల వాడకము విపరీతముగా పెరిగినది. దానితో బాధితుల సంఖ్యయు పెరిగినది. తొడుగులలో చల్లే మొక్కజొన్న పిండికి మాంసకృత్తులు అంటుకొని గాలిలో ఎగురుట వలన, తొడుగు ధరించనివారికి సైతము ఆయాసము వచ్చేది. 2017 జనవరి నుండి అమెరికా ప్రభుత్వము పొడి చల్లిన వైద్యపు తొడుగులను నిషేధించినది.

అరటి, కివి, అవకాడో పండ్లలో హెవీన్‌ను పోలిన భాగము గల మాంసకృత్తులు కలవు. కనుకనే రబ్బరు పడనివారిలో కొందరికి అరటిపండు తినగానే నోరు దురద పెడుతుంది. అరటిపండు పడనివారందరికి రబ్బరు పడదని దీని అర్థము కాదు.

టైర్ల వంటి గట్టి రబ్బరు వస్తువులతో ఈ బాధ అరుదు. పాలలో అచ్చులు ముంచి తీసే తొడుగులు, బెలూన్లతోనే ఎక్కువ. పలుమార్లు శస్త్రచికిత్స జరిగిన పిల్లలకు, ఆసుపత్రి ఉద్యోగులకు ఇది హెచ్చు. మన విద్యార్థినులలో నర్సింగు చదువబోవువారు దీనిని గమనింపవలెను. బెలూను ఊదినపుడు పెదవులు వాచేవారు శస్త్రచికిత్సకు, పంటి వైద్యమునకు ముందే డాక్టరుతో ఆ మాట చెప్పవలెను. అట్టివారికి నైట్రైల్ తొడుగులు వాడుతారు. అవి చెట్టు పాలతో చేసినవి కావు, కనుక వాటిలో ఈ మాంసకృత్తులు ఉండవు.