ఐదో తరగతి: ప్రాథమిక బడిలో చివరి ఏడాది

తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యలో పదో తరగతి గురించి జరిగినంత చర్చ మరే తరగతి గురించీ జరగదు. ఐదో తరగతి సంగతి పట్టించుకునేవారు మరీ తక్కువ. తొమ్మిదేళ్లు నిండి పదో పడిలోకి వస్తున్న వయసులో పిల్లలు చదివే ఈ తరగతితో ప్రాథమిక విద్య ముగుస్తుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం బడి చదువును 5, 3, 3, 4 సంవత్సరాల దశలుగా విభజించింది. అందులో మూడు నుంచి ఐదో తరగతి వరకు ఉన్న సన్నాహక దశకు, అంటే పై చదువుకు కావలసిన పనిముట్లను పిల్లల చేతికి అందించే దశకు కూడా ఇదే ఆఖరి సంవత్సరం.

ఈ ఏడాదికి ప్రాధాన్యం ఎందుకున్నదో తెలియాలంటే ఆరో తరగతిలో మారేవి ఏమిటో ముందుగా చూడాలి. ఐదో తరగతి వరకు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్లుగా పిలిచే ఉపాధ్యాయులు ఒకరో ఇద్దరో కలిసి తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం అన్నీ బోధిస్తారు. ఏ పిల్లవాడు ఎక్కడ తడబడతాడో, ఎవరి ఇంట్లో పరిస్థితి ఏమిటో వారికి ఏళ్ల తరబడి తెలిసి ఉంటుంది. హైస్కూలులో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో స్కూల్ అసిస్టెంట్ వస్తారు, పరిసరాల విజ్ఞానం సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం అని రెండు సబ్జెక్టులుగా విడిపోతుంది, ప్రభుత్వ బడుల్లో హిందీ కొత్తగా వచ్చి చేరుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు అవి 220 దినాలు, 1,000 గంటలు అవుతాయి. చదువు బరువు పెరుగుతున్న ఆ సమయంలోనే, పిల్లవాడిని దగ్గరగా ఎరిగిన టీచరు దూరమవుతారు. భాగహారం రాకుండా ఆరో తరగతికి వెళ్లిన విద్యార్థి సంగతి కొత్త గణితం సారు దృష్టికి వచ్చేసరికి అరసంవత్సరం గడిచిపోయినా ఆశ్చర్యం లేదు. అందువల్ల లోటు ఏదైనా ఉంటే, దాన్ని గుర్తించి పూడ్చుకోవడానికి అనువైన చివరి సంవత్సరం ఐదో తరగతే.

ఆ లోటు చిన్నది కాదు. ప్రథమ్ సంస్థ గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్లి జరిపే 'అసర్' సర్వే 2024 నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద గ్రామాల్లోని ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 48.8 శాతం, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతం మాత్రమే. ఇందులో ప్రభుత్వ బడుల పిల్లలే కాదు, ప్రైవేటు బడుల పిల్లలు కూడా ఉన్నారు; ఫీజు కట్టిన రసీదు చదువు వచ్చిందనడానికి రుజువు కాదని గ్రహించవలసింది ముఖ్యంగా మధ్యతరగతి తల్లిదండ్రులే.

చదవడం అన్న మాటకు ఐదో తరగతిలో అర్థం కొంత మారుతుంది. అంతకుముందు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు గుర్తుపట్టి పలకడమే చదవడం. ఇప్పుడు తెలియని విషయాన్ని చదివి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పగలగడం చదవడం. పాఠ్యపుస్తకంలోని పాఠాన్ని గడగడా చదివే పిల్లలను చూసి తల్లిదండ్రులు తృప్తిపడుతుంటారు గాని, తరగతిలో పదిసార్లు వల్లించిన పాఠం కంఠతా వచ్చి ఉండవచ్చు కనుక అది నమ్మదగిన పరీక్ష కాదు. ఎప్పుడూ చూడని పేరా ఒకటి, దినపత్రికలోని పిల్లల పేజీ గాని, ఇంటికి వచ్చిన కరెంటు బిల్లు వెనుక ఉన్న సూచనలు గాని చేతికిచ్చి చదివించి, ఏం అర్థమైందని అడిగితే అసలు సంగతి తేలుతుంది. 'ప్రత్యేకత', 'స్వాతంత్ర్యం' వంటి మాటల దగ్గర ఆగి కూడబలుక్కునే విద్యార్థి, వాక్యం చివరికి చేరేసరికి దాని మొదలు మరచిపోతాడు. అర్థం కాకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, వేగం చాలకపోవడం. రోజుకు ఇరవై నిమిషాలు పైకి చదివించి పక్కన ఒకరు కూర్చుని వింటే కొన్ని నెలల్లో ఆ వేగం పెరుగుతుంది. వినేవారికి చదువు రాకపోయినా పరవాలేదు, ఆగకుండా చదువుతున్నదీ లేనిదీ చెవికి తెలుస్తుంది.

ఇంగ్లిష్ మీడియం వల్ల చదవడంలో మరో చిక్కు వచ్చింది: అర్థం కాకపోయినా జవాబును బట్టీ పట్టి అప్పచెప్పేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడులకు రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో తెలుగులో ఉన్న పాఠమే ఎదుటి పేజీలో ఇంగ్లిష్‌లో ఉంటుంది. పుస్తకాలు అచ్చువేయడంలో ప్రభుత్వాలు చేసిన మంచి పనుల్లో ఇది ఒకటి, అయితే ఇళ్లలో దీన్ని వాడుకోవడం తక్కువ. ఇంగ్లిష్‌లో జవాబు అప్పచెప్పిన పిల్లను అదే సంగతి తెలుగులో చెప్పమని అడిగి, తడబడితే ఎదుటి పేజీ చదివిస్తే, బట్టీ ఎంతో అవగాహన ఎంతో అక్కడికక్కడే తెలుస్తుంది.

గణితంలో ఐదో తరగతి పెద్ద మలుపు. నాలుగు ప్రాథమిక ప్రక్రియలు, అంటే కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, పెద్ద సంఖ్యలతో చేయవలసి వస్తుంది. గుణిజాలు, కారణాంకాలు, భిన్నాలు, దశాంశాలు, కోణాలు, చుట్టుకొలతలు వస్తాయి. ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించేది దాని కారణాంకం, ఆ సంఖ్య ఎక్కంలో వచ్చేది దాని గుణిజం. ఎక్కాలు నోటికి రాని విద్యార్థికి ఈ రెండూ, వీటి మీద ఆధారపడిన భిన్నాల కూడికా కొరుకుడు పడవు. తప్పు ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడానికి ఒక లెక్క చాలు. 3,672ని 18తో భాగించమంటే చాలామంది పిల్లలు 24 అని రాస్తారు. 36లో 18 రెండుసార్లు పోతుందని 2 వేస్తారు, 7ను కిందికి దింపుతారు, 7లో 18 పోదు కనుక వెంటనే పక్కనున్న 2ను కూడా దింపి 72 చేసి 4 వేస్తారు. 7లో 18 పోనప్పుడు పైన సున్న వేయాలన్నది మరచిపోవడం వల్ల 204 కాస్తా 24 అవుతుంది. ఇది అజాగ్రత్త కాదు, స్థాన విలువ, అంటే అంకె ఉన్న చోటును బట్టి దానికి వచ్చే విలువ, మనసుకు పట్టకపోవడం. జవాబును 18తో తిరిగి గుణించి సరిచూసుకోవడం అలవాటైన పిల్లలు తమ తప్పు తామే దిద్దుకుంటారు. అలాగే ఐదు మూడు కన్నా పెద్దది కాబట్టి ఐదో వంతు మూడో వంతు కన్నా పెద్దదని, 35 ఐదు కన్నా పెద్దది కాబట్టి 0.35 అనేది 0.5 కన్నా ఎక్కువని భావించడం ఈ వయసులో మామూలు. పొరపాటు చేసినందుకు తిట్టడం కన్నా, అర లీటరు పాల ప్యాకెట్టును, 350 మిల్లీలీటర్ల సీసాను పక్కపక్కన పెట్టి చూపడం మేలు.

పరిసరాల విజ్ఞానంలో అవయవాలు, ఆహారం, వ్యవసాయం, నదులు, అడవులు, చారిత్రక కట్టడాలు, పటాలు, బాలల హక్కులు వంటి అంశాలు ఉంటాయి. ఇవి బట్టీకి లొంగవు. ఊరి చెరువు దగ్గరో పొలం గట్టునో నాలుగు ప్రశ్నలు వేసేవారుంటే సులువుగా వస్తాయి.

పరీక్షల విషయానికి వస్తే, తెలంగాణ బడుల్లో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు ఉంటాయి. ఎఫ్‌ఏ అంటే పాఠాలు నడుస్తుండగానే పిల్లవాడు ఎంత గ్రహించాడో చూసే నిర్మాణాత్మక మూల్యాంకనం, ఎస్‌ఏ అంటే కొంత కాలపు చదువు మొత్తాన్ని ఒకేసారి కొలిచే సంగ్రహణాత్మక మూల్యాంకనం. ఫెయిల్ చేస్తారేమోనన్న భయం ఇటీవల మళ్లీ వినిపిస్తోంది. విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టడానికి, తప్పినవారికి అదనపు బోధనతో రెండు నెలల్లోపు మరో అవకాశం ఇచ్చి, అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచడానికి వీలు కల్పించింది. ఆపాలా వద్దా అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టానికి వదిలింది. కేంద్రీయ విద్యాలయాల వంటి తన బడుల్లో ఆపవచ్చునని కేంద్రం 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. ఏ బడిలోనైనా సరే, చట్టం చెప్పే ఎలిమెంటరీ విద్య ముగిసేదాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా, ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసివేయకూడదన్న నియమం మాత్రం మారలేదు.

ఈ ఏడాదిలోనే ప్రవేశ పరీక్షల హడావుడి కూడా మొదలవుతుంది. ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు దాదాపు ఉచితంగా వసతితో చదువు చెప్పే జవహర్ నవోదయ విద్యాలయాల పరీక్షను ఐదో తరగతి చదువుతూ రాయాలి, రెండోసారి రాసే వీలు లేదు. 80 ప్రశ్నలకు 100 మార్కులు, రెండు గంటల సమయం. అందులో సగం మార్కులు బొమ్మల పోలికలను, తేడాలను గుర్తించే మేధాశక్తి పరీక్షకే పోతాయి, మిగిలినవి అంకగణితానికి, భాషకు చెరి సగం. పరీక్ష తెలుగులో రాయవచ్చు, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతి ప్రవేశానికి జరిగే పరీక్షలో 300 మార్కులుంటే సగం గణితానివే. ఆసక్తి ఉన్నవారిని రాయించడంలో తప్పేమీ లేదు. పదేళ్ల పిల్లను బడి మాన్పించి, ఊరు మార్పించి, నెలల తరబడి కోచింగు హాస్టల్లో పెట్టడం మాత్రం సమర్థించదగినది కాదు. సీట్లు పరిమితం, సీటు రాని పిల్లలే ఎక్కువ, ఓడిపోయానన్న భావం ఆ వయసులో లోతుగా నాటుకుంటుంది. తెలంగాణ సంక్షేమ గురుకులాల్లో, ఆంధ్రప్రదేశ్ అంబేద్కర్ గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతితోనే మొదలవుతుంది కనుక, వాటిలో చేరిన పిల్లలకు ఇది ఇల్లు విడిచిన మొదటి సంవత్సరం. కలవడానికి అనుమతించే ఆదివారాన తల్లిదండ్రులు రాకపోతే ఆ బాధ మార్కుల్లో కూడా కనిపిస్తుంది.

శరీరంలో వచ్చే మార్పుల గురించి ఇళ్లలో మాట్లాడేది తక్కువ. బాలికల్లో ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య, బాలుర్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య యౌవన లక్షణాలు మొదలవుతాయి, ఐదో తరగతిలోనే రజస్వల అయ్యే అమ్మాయిలూ కొందరుంటారు. వేడుకకు లక్షలు ఖర్చు పెట్టే కుటుంబాల్లో కూడా ఆ రోజుకు ముందే పిల్లకు ఏం జరగబోతోందో, ప్యాడ్ ఎలా వాడాలో, బడిలో అవసరమైతే ఏ మేడంకు చెప్పాలో వివరించినవారు అరుదు. తల్లి చెప్పలేకపోతే పిన్నమ్మో, మేనత్తో, అక్కో చెప్పాలి. జాతీయ టీకా కార్యక్రమంలో పదేళ్లకు ఇచ్చే టీడీ టీకా, అంటే ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా కాపాడే టీకా, సాధారణంగా ఐదో తరగతి పిల్లలకు బడిలోనే వేస్తారు. ఆ రోజు బడికి వెళ్లనివారిని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలి. బోర్డు మీద రాసింది పక్కవాడి నోట్సులో చూసి ఎక్కించుకునే పిల్లవాడికి అవసరమైనది ట్యూషన్ కాకపోవచ్చు, కంటి పరీక్ష కావచ్చు.

చివరగా కాగితాల పని ఉంది, దీన్ని ఏప్రిల్ దాకా వాయిదా వేయకూడదు. అడ్మిషన్ రిజిస్టరులో పిల్లల ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌తో పోల్చి చూసుకుని, తేడా ఉంటే ప్రధానోపాధ్యాయుడికి దరఖాస్తు ఇచ్చి సరిచేయించుకోవాలి, ఎందుకంటే ఆ వివరాలే బదిలీ సర్టిఫికెట్ (టీసీ)లోకి, ఆ తర్వాత పదో తరగతి మెమోలోకి వెళతాయి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశం నిరాకరించడానికి గాని, ఆపడానికి గాని వీల్లేదని విద్యాహక్కు చట్టంలోని ఐదో సెక్షన్ చెబుతోంది. టీసీతో పాటు ఏ తరగతి ఏ సంవత్సరంలో చదివారో తెలిపే స్టడీ సర్టిఫికెట్ కూడా అప్పుడే తీసుకోవడం మంచిది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికతను ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు, అందుకు ఆ బడి ఇచ్చిన కాగితమే ఆధారం.